నాటకం, ఒపెరా, వీధి బొమ్మలు: వరంగల్ నుంచి ఏ ఊరికి పోతే ఏం దొరుకుతుంది?

రెండు రోజుల సెలవు దొరికింది, పెద్ద ఊరికి పోదామనుకున్నారు. మాల్, జూ, బీచ్ అన్నీ అయిపోయాయి. ఈసారి ఒక సాయంత్రం మంచి నాటకమో కచేరీయో చూడాలని ఉంది. హైదరాబాదా, ముంబైయా, బెంగళూరా, చెన్నైయా, ఢిల్లీయా అన్నది తేలడం లేదు. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో కూర్చుని ఈ లెక్కలు వేసుకునేవాళ్ల కోసమే ఇది.

మనం ముందు ఊరు ఖాయం చేసుకుని, టికెట్లు తీసుకుని, ఆ తర్వాత అక్కడ ఏం ఆడుతోందో వెతుకుతాం. నాటకానికి ఈ పద్ధతి పనికిరాదు. చార్మినార్ ఎప్పుడు పోయినా అక్కడే ఉంటుంది. నాటకం ఆ ఒక్క సాయంత్రమే ఉంటుంది. కాబట్టి ముందు షో, తర్వాత తేదీ, ఆ తర్వాతే ఊరు. రైలు టికెట్ అన్నిటికన్నా చివర.

బయల్దేరే ముందు ఇంట్లో ఒకసారి చూసుకోండి. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబర్‌లో మొదలైంది. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం ఎప్పటి నుంచో ఉంది. ఊళ్లో ఆడే నాటకాన్ని వదిలేసి అదే నాటకం కోసం హైదరాబాద్ పోయేవాళ్లున్నారు.

ఏం చూసి తేల్చుకోవాలి

మొదటిది తేదీ, పైన చెప్పాను. రెండోది భాష. మాటల మీద నడిచే నాటకానికి భాష రాకపోతే గంటన్నర శిక్షే. పాట, నృత్యం, పౌరాణికం అయితే కథ తెలిస్తే చాలు. కథంతా పాటలోనే నడిచే ఒపెరా కూడా ఈ కోవలోదే.

మూడోది, ఎవరూ ముందు ఆలోచించనిది, రాత్రి తిరుగు ప్రయాణం. షో అయ్యేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. అప్పుడు తెలియని ఊళ్లో రోడ్డు మీద ఆటో కోసం నిలబడితే చూసిన నాటకమంతా దిగిపోతుంది. అందుకే బస ఎప్పుడూ హాలుకు దగ్గరలో చూసుకోవాలి, రైల్వే స్టేషన్‌కు దగ్గరలో కాదు.

డబ్బు గురించి ఒక్క మాట. టికెట్ ధర కన్నా ప్రయాణం, బసే ఎక్కువ తింటాయి. ఐదు వందల టికెట్ కోసం ఐదు వేల ఖర్చవుతుంటే, ఆ టికెట్‌ను ఇంకో రెండు వందలు పెట్టి మంచి వరుసలో తీసుకోవడమే నయం.

| ఊరు | ముఖ్యంగా దేనికి | భాష | ఎలా పోవాలి | ఎప్పుడు |
|---|---|---|---|---|
| హైదరాబాద్ | సురభి, తెలుగు–హిందీ నాటకాలు, విగ్రహాలు | తెలుగు, హిందీ, ఉర్దూ | రైలు, బస్సు. పొద్దున పోయి రాత్రికి రావచ్చు | ఏడాదంతా |
| ముంబై | ఒపెరా, సింఫనీ (పెద్ద పాశ్చాత్య వాద్యబృందం కచేరీ), మరాఠీ–హిందీ నాటకం | హిందీ, మరాఠీ, ఇంగ్లీష్ | కోణార్క్ ఎక్స్‌ప్రెస్, దేవగిరి, ప్రైవేటు బస్సులు | ఫిబ్రవరి |
| చెన్నై | కచేరీలు, నృత్యం | పాట ఎక్కువగా తెలుగే | రాత్రి రైలు | డిసెంబర్ 15 తర్వాత |
| బెంగళూరు | రోజూ నాటకం | కన్నడ, ఇంగ్లీష్, హిందీ | కాచిగూడ నుంచి రాత్రి రైలు | ఏడాదంతా, సోమవారం తప్ప |
| ఢిల్లీ | జాతీయ నాటకోత్సవం, గోడ బొమ్మలు | హిందీ | తెలంగాణ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ | చలికాలం |

హైదరాబాద్: మొదటిసారి పోయేవాళ్లకు

ఇంతవరకు హాల్లో కూర్చుని నాటకం చూడనివాళ్లు ఎవరైనా ఉంటే, నా ఓటు సురభికే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజం ఇప్పటికీ ఆడుతూనే ఉంది. మాయాబజార్, పాతాళ భైరవి, భక్త ప్రహ్లాద లాంటివి. రంగులు పూసిన తెరలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే రాజసభ అడవి అవుతుంది, అడవి సముద్రం అవుతుంది. నారదుడు పైనుంచి దిగుతాడు, బాణాలు గాల్లో నిప్పులు చిమ్ముతూ ఢీకొంటాయి. ఇవన్నీ తీగలు, తాళ్లు, చేతులతో చేసే పనులు. అందుకే ముందు వరుసలో కూర్చోవద్దు, అక్కడి నుంచి తీగ కనిపిస్తుంది. మధ్య వరుసల్లో కూర్చుంటే మాయ మాయగానే ఉంటుంది. పిల్లలను మాత్రం, వాళ్లు అడిగితే, నాటకం అయ్యాక ముందుకు తీసుకుపోయి ఆ తీగలు చూపించండి. వాళ్లకు అసలు మజా అదే.

రవీంద్రభారతి 1961 నుంచి ఉంది. లకిడీకాపూల్, అసెంబ్లీ మెట్రో స్టేషన్ల నుంచి నడిచి పోవచ్చు. చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం. అయితే మన దగ్గర నాటకానికి ముందు సభ ఉండటం ఆనవాయితీ. ఆరు గంటలని కార్డు మీద వేస్తారు, శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, అందరూ అయ్యాక తెర లేస్తుంది. నిర్వాహకుల నంబర్ దొరికితే "నాటకం ఎన్నింటికి సార్, సభ కాదు" అని అడగండి. నవ్వి చెప్తారు.

బంజారాహిల్స్‌లోని లామకాన్ దీనికి పూర్తిగా భిన్నం. 2010లో మొదలైంది. చిన్న జాగా, ఆరుబయట కూర్చోవడం, తక్కువ టికెట్, క్యాంటీన్‌లో సమోసా–చాయ్. హిందీ, ఇంగ్లీష్, ఉర్దూ నాటకాలు, కథలు చదివే సాయంత్రాలు ఎక్కువ. కాలేజీ పిల్లలకు బాగా నప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకుపోవద్దు.

పగలు ఖాళీగా ఉంటే ట్యాంక్‌బండ్ మీద నడవండి. అక్కడి విగ్రహాలు 1980లలో ఎన్టీఆర్ హయాంలో పెట్టినవి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు వాటిలో కొన్నిటిని కూలగొట్టారు, తర్వాత మళ్లీ నిలబెట్టారు. ఎవరి విగ్రహం పెట్టాలి, ఎవరిది పెట్టలేదు అన్న పంచాయితీ ఇంత దగ్గరగా చూసిన జనం మనమే. ఆ సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకరు పక్కన ఉంటే ఆ నడక ఏ మ్యూజియానికీ తీసిపోదు.

ఎదురుగా హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు. ఆ రాయి ఎక్కడిదనుకున్నారు? భువనగిరి దగ్గర రాయగిరిది. మన రైలు రోజూ ఆ పక్క నుంచే పోతుంది. 1990లో తరలిస్తుండగా విగ్రహం నీళ్లలో మునిగింది, మనుషులు చనిపోయారు. రెండేళ్లు అడుగునే ఉండి 1992లో నిలబడింది. ఖైరతాబాద్ వైపు ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. కొన్ని రంగు వెలిశాయి. అది జనం ఉండే బస్తీ, ఫొటోలు తీసేముందు గుమ్మంలో కూర్చున్నవాళ్లను అడగండి.

తిరుగు ప్రయాణం: లకిడీకాపూల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఉప్పల్. అక్కడ హన్మకొండ బస్సు. చివరి మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో, కాబట్టి పదింటికి హాలు నుంచి లేచినా టెన్షన్ లేదు. కరీంనగర్ వాళ్లకు జేబీఎస్ ఎలాగూ ఉంది.

ముంబై: ఒపెరా అంటే ఇక్కడికే

ఒపెరా అనగానే మనది కాదు అనుకుంటాం. కానీ పద్యనాటకం చూసి పెరిగినవాళ్లకు ఇది అంత పరాయిదేం కాదు. కథంతా పాటలోనే నడుస్తుంది. మంచి రాగం తీస్తే మనవాళ్లు "వన్స్ మోర్" అని అరిచినట్టే అక్కడ "బ్రావో" అంటారు. తేడా ఏమిటంటే మైకు ఉండదు, గొంతు దానంతట అదే హాలంతా వినపడాలి. కింద ఆర్కెస్ట్రా కూర్చుని ఉంటుంది. ఇటాలియన్‌లోనో జర్మన్‌లోనో పాడతారు, వేదిక పైన తెర మీద ఇంగ్లీష్ అర్థం పడుతుంది. కథను ముందురోజు ఇంట్లో ఒకసారి చదువుకుంటే తెర వైపు చూడాల్సిన పని తగ్గుతుంది.

నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) ఉంది. అందులోని జంషెడ్ భాభా థియేటర్ 1999లో తెరిచారు, వెయ్యికి పైగా సీట్లు. సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006 నుంచి ఇక్కడిదే. ఫిబ్రవరి, సెప్టెంబర్‌లలో వాళ్ల సీజన్లు. పూర్తి స్థాయి ఒపెరా ఇక్కడా అరుదే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా రికార్డింగులను పెద్ద తెర మీద వేస్తుంటారు. మొదటిసారికి అది చాలు, టికెట్ కూడా చౌక.

చర్నీరోడ్ దగ్గర రాయల్ ఒపెరా హౌస్ పేరు చూసి మోసపోవద్దు. 1911లో మొదలై, తర్వాత సినిమా హాలై, 1993లో మూతపడి, 2016లో మళ్లీ తెరుచుకుంది. దేశంలో మిగిలిన ఒపెరా హౌస్ అదొక్కటే. లోపల బంగారు పూత పని, బాల్కనీలు చూడటానికే పోవచ్చు. కానీ ఆడేవి ఎక్కువగా సంగీత కచేరీలు, నాటకాలు, కామెడీ షోలు. బుక్ చేసేముందు ఆ రోజు ఏముందో చూడండి. బీకేసీలో (బాంద్రా కుర్లా కాంప్లెక్స్) 2023లో వచ్చిన నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్‌లో రెండు వేల సీట్ల హాలు ఉంది, విదేశీ మ్యూజికల్స్, అంటే పాటలు, డ్యాన్సులతో నడిచే నాటకాలు, అక్కడికే వస్తున్నాయి. టికెట్ వేలల్లో ఉంటుంది. నలుగురు పోతే ఒక పూట పెళ్లి భోజనం ఖర్చు. నేనైతే ఆ డబ్బుతో ఎన్‌సీపీఏలో రెండు సాయంత్రాలు, పృథ్వీలో ఒక సాయంత్రం చూస్తాను.

జుహూలోని పృథ్వీ థియేటర్ చిన్నది, సుమారు రెండు వందల సీట్లు. ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు, నటుడి చెమట కనపడేంత దగ్గర. 1978 నుంచి హిందీ నాటకానికి అదే ఇల్లు. మన తెలంగాణవాళ్లకు హిందీ ఇబ్బంది కాదు గనుక ఇది బంగారం లాంటి అవకాశం. ముందు వచ్చినవాళ్లకు ముందు సీట్లు, గంట కొట్టాక లోపలికి రానివ్వరు. ముంబై ట్రాఫిక్ సంగతి చెప్పినా వినరు, టికెట్ డబ్బులు తిరిగి రావు. అరగంట ముందే పోయి అక్కడి కెఫేలో కూర్చోవడమే మార్గం.

ఆదిలాబాద్, బోధన్, బాసర వైపు ఇళ్లలో మరాఠీ వచ్చినవాళ్లు చాలామందే. వాళ్లకు ఇంకో తలుపు తెరుచుకుంటుంది. దాదర్‌లోని శివాజీ మందిర్ లాంటి హాళ్లలో శని, ఆదివారాలు మరాఠీ నాటకాలు సినిమాల్లా వరసగా ఆడతాయి. జనం టికెట్ కొని, కుటుంబాలతో వచ్చి చూస్తారు. ఉచిత పాసులతో నడిచే మన నాటకానికి అలవాటు పడ్డవాళ్లకు ఆ క్యూ చూడటమే ఒక అనుభవం.

ఫిబ్రవరి అని ఎందుకన్నానంటే, జనవరి చివరలోనో ఫిబ్రవరి మొదట్లోనో కాలాఘోడా కళల ఉత్సవం తొమ్మిది రోజులు జరుగుతుంది. 1999 నుంచి నడుస్తోంది, ప్రవేశం ఉచితం. రోడ్డు మధ్యలో పెద్ద శిల్పాలు పెడతారు. పక్కనే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ. వారాంతం సాయంత్రం మాత్రం పోవద్దు, బొమ్మల కన్నా సెల్ఫీలు తీసుకునే తలలే కనిపిస్తాయి. వారం మధ్యలో పొద్దున పోండి.

బస విషయం. సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్ ఇళ్లలో భీవండిలోనో వర్లీలోనో చుట్టం లేని ఇల్లు తక్కువ. మిల్లులు, మగ్గాల కోసం పోయిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. వర్లీ, దాదర్ చుట్టాలైతే దిగండి. భీవండిలో దిగి నారిమన్ పాయింట్‌లో రాత్రి షో చూస్తామంటే కుదరదు. లోకల్ రైళ్లు అర్ధరాత్రి దాకా ఉన్నా, కళ్యాణ్‌లోనో ఠాణేలోనో దిగి అక్కడి నుంచి ఇంకా పోవాలి. "అన్నం పెట్టుకుని కూర్చున్నాం, ఎక్కడున్నవ్ బిడ్డా" అని అత్తమ్మ ఫోన్ ఇంటర్వెల్‌లోనే వస్తుంది.

చెన్నై: భాష అడ్డురాని ఊరు

తమిళం రాదు కదా అని చెన్నైని తీసేయకండి. డిసెంబర్ నడుమ నుంచి తమిళుల మార్గళి నెల కచేరీల సీజన్, ఊరంతా సభలే. సభ అంటే అక్కడ కచేరీలు పెట్టే సంస్థ. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ లాంటి చోట్ల పొద్దున్నుంచి రాత్రి దాకా కచేరీలు. పాడేదంతా ఎక్కువగా త్యాగరాజు, అన్నమయ్య, క్షేత్రయ్య. పక్క సీటులోని తమిళ మామి పుస్తకం చూసి అర్థం తెలుసుకుంటుంటే మనకు వింటూనే తెలిసిపోతుంది. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, జైల్లో నుంచి రాముడిని నిలదీసిన పాట అక్కడ నిండు సభలో వినపడితే ఒక్కసారి నిటారుగా కూర్చుంటాం.

మధ్యాహ్నం కొత్తవాళ్లు పాడే కచేరీలకు చాలాచోట్ల టికెట్ ఉండదు. సాయంత్రం పెద్ద పేర్లకు ముందే అయిపోతుంది. సభల క్యాంటీన్ భోజనం కోసమే వచ్చేవాళ్లుంటారు, తప్పేం లేదు. నృత్యం కావాలంటే జనవరి మొదటి వారంలో మ్యూజిక్ అకాడమీ నృత్యోత్సవం. చిక్కల్లా సెలవులతోనే. మన బడులకు సంక్రాంతి సెలవులు వచ్చేసరికి సీజన్ సద్దుమణుగుతుంది. కాబట్టి చెన్నై పెద్దవాళ్ల ప్రయాణం. వరంగల్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు, పడుకుని పోవచ్చు. రిటైరైన దంపతులకు ఇంతకన్నా మంచి ప్రయాణం నేను చెప్పలేను.

మెరీనాలో డి.పి. రాయ్‌చౌధురి చెక్కిన శ్రమ విజయం విగ్రహం చూడండి. బండరాయిని నెడుతున్న నలుగురు కూలీలు. 1959 నాటిది. సింగరేణి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ వీపులు, భుజాలు తెలిసినవే.

బెంగళూరు: తేదీ కుదరనివాళ్లకు

సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలియదా? అయితే బెంగళూరు. జేపీ నగర్‌లోని రంగశంకర 2004లో మొదలైంది. నటుడు శంకర్ నాగ్ పేరు మీద అరుంధతి నాగ్ కట్టించారు. సోమవారం వదిలేస్తే దాదాపు రోజూ నాటకం ఉంటుంది, టికెట్ ధర సామాన్యుడికి అందేలాగే ఉంటుంది. ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు, ఎంత పెద్దవాళ్లయినా అంతే.

వైట్‌ఫీల్డ్‌లో ఉండే కొడుకు "ఒక గంటలో పోదాం నాన్నా" అంటే నమ్మకండి. రెండున్నర గంటలు పెట్టుకోండి. లేకపోతే వైట్‌ఫీల్డ్ వైపే జాగృతి థియేటర్ ఉంది, అక్కడ చూడండి. కన్నడం తెలుగుకు దగ్గరే అనిపిస్తుంది గానీ నాటకంలో వేగంగా మాట్లాడితే సగమే అందుతుంది. హిందీ, ఇంగ్లీష్ షోలు చూసుకుని బుక్ చేయండి. జనవరిలో ఒక ఆదివారం చిత్రకళా పరిషత్ దగ్గర చిత్రసంతె జరుగుతుంది. కుమారకృప రోడ్డంతా చిత్రకారులే, బేరమాడి కొనుక్కోవచ్చు.

ఢిల్లీ, కోల్‌కతా

ఢిల్లీకి నాటకం కోసమే పోయేవాడికి చెప్పేది ఒకటే: మండీహౌస్ దగ్గర దిగండి. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, కమానీ, శ్రీరామ్ సెంటర్ హాళ్లు అన్నీ నడక దూరంలో ఉన్నాయి. 1999లో మొదలైన భారత్ రంగ్ మహోత్సవ్ చలికాలంలో జరుగుతుంది, దేశం నలుమూలల నాటకాలు ఒకేచోట చూడొచ్చు. గోడ బొమ్మలకు లోధీ కాలనీని మించింది మన దేశంలో నేను చూడలేదు. ప్రభుత్వ క్వార్టర్ల ఎత్తైన గోడలు, ఒక్కో గోడకు ఒక్కో చిత్రకారుడు. ఉచితం, టైమంటూ లేదు. పొద్దున తొమ్మిదిలోపు పోతే ముందు కార్లు ఆగి ఉండవు.

కోల్‌కతా గురించి తక్కువే చెప్తాను. అక్కడి నాటకం గొప్పదే, కానీ బెంగాలీ రాకపోతే అందదు. దుర్గాపూజ పందిళ్లే అసలు ఆకర్షణ. దుర్గాపూజకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఒక్కో పందిరి ఒక్కో శిల్పశాల. అయితే అష్టమి నాడు అక్కడ జనం కిటకిటలాడుతుంటే ఇక్కడ సద్దుల బతుకమ్మ. ఆ రోజు ఇల్లు వదిలి రమ్మని ఆడవాళ్లను అడిగే ధైర్యం ఉన్నవాళ్లు ప్లాన్ చేసుకోవచ్చు.

పిల్లల దగ్గరికి అమెరికా, లండన్ పోయే తల్లిదండ్రులకు

మనవాళ్లు ఎక్కువగా ఎండాకాలంలో పోతారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా జూన్‌లో మూసేస్తే సెప్టెంబర్ చివర దాకా తెరవదు. ఆ రోజుల్లో బయట ఆడేవి చూడాలి. సెంట్రల్ పార్క్‌లో షేక్‌స్పియర్ నాటకాలు ఉచితం, టికెట్ కోసం లైన్ కట్టాలి. హ్యూస్టన్‌లో మిల్లర్ అవుట్‌డోర్ థియేటర్ కూడా ఉచితమే, గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకాల టికెట్ మీద అదే రోజు తగ్గింపు కావాలంటే టైమ్స్ స్క్వేర్‌లో టీకేటీఎస్ కౌంటర్ ఉంది. షికాగోలో శిల్పి అనీష్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్, అద్దంలా మెరిసే చిక్కుడు గింజ, మనవళ్లతో పోవడానికి బాగుంటుంది.

దిగిన మొదటి వారంలో ఏ షో బుక్ చేయనివ్వకండి. సాయంత్రం చీకటి హాల్లో కూర్చోగానే నిద్ర ముంచుకొస్తుంది, పిల్లలు పెట్టిన వంద డాలర్లు కుర్చీలో నిద్రకే పోతాయి. లండన్ గ్లోబ్ థియేటర్‌లో నిలబడి చూసే టికెట్ చాలా చౌక, కానీ పైకప్పు ఉండదు, వాన వస్తే గొడుగు తెరవనివ్వరు, రెండున్నర గంటలు నిలబడాలి. అరవై దాటినవాళ్లు బెంచీ సీటే తీసుకోమని పిల్లలకు గట్టిగా చెప్పండి, మెత్త కూడా అద్దెకిస్తారు.